మా అత్త మాట మార్చలేదు

నేను తీసిన సినిమాకి కింద తెలుగులో సబ్‌టైటిల్స్ వేయమన్నారు. సినిమా తెలుగులోనే ఉంది. తీసిన నేను తెలుగుదాన్ని, అందులో మాట్లాడిన మా మేనత్త తెలుగు మనిషి, వేయమన్న పెద్దమనిషి తెలుగాయన, రేపు చూడబోయేవాళ్ళు కూడా తెలుగువాళ్ళే. అయినా వేయమన్నారు. వేయనన్నాను. జరిగింది ఇంతే. కానీ ఆ వేయనన్న మాట వెనక ఏం జరిగిందో, ఆ తర్వాత మా ఊళ్ళో, మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలనిపించింది.

మాది అనకాపల్లి దగ్గర, తుమ్మపాల అవతల చిన్న ఊరు. చెరకు, వరి తప్ప మరో పంట మా నాన్నకు పట్టదు. నేను అనకాపల్లిలో డిగ్రీ చదివి హైదరాబాదు వెళ్ళాను. ఒక వార్తా ఛానెల్లో చాలా ఏళ్ళు ఎడిటర్‌గా పనిచేశాను. ఊళ్ళ నుంచి వచ్చిన మాటల్ని కోసి, అతికించి, వార్తలో ఇమిడేలా చేయడం నా పని. తుఫాను వచ్చినప్పుడో, పంట పోయినప్పుడో మా వైపు మనుషులు తెర మీద కనిపించేవారు. ఒక్క వాక్యం మాట్లాడేలోపే యాంకర్ గొంతు వచ్చి వాళ్ళ గొంతుని కప్పేసేది. "ఆయన ఏమంటున్నారంటే" అని మొదలయ్యేది ఆ గొంతు. ఆయన ఏమంటున్నాడో ఆయనే అంటున్నాడు కదా అని నాకు ఒళ్ళు మండేది. గోదావరి అవతలివాళ్ళు మాట్లాడితే అలా కప్పేవారు కాదు. అడిగితే, టైం లేదనేవారు. మా వాళ్ళ దగ్గరికి వచ్చేసరికే టైం అయిపోయేది.

యాస సంగతి నాకు కొత్త కాదు. బళ్ళో "సెప్పు" అన్నందుకు నిలబెట్టి అందరి ముందూ "చెప్పు, చెప్పు, చెప్పు" అని పలికించిన మాస్టారు ఉండేవారు. హైదరాబాదు హాస్టల్లో అమ్మాయిలు మంచం మీద చుట్టూ చేరి "ఏదీ, మీ వైపు భాష ఒకసారి మాట్లాడవూ" అనేవారు, కోతిని ఆడించమన్నట్టు. నేను మాట్లాడేదాన్ని. వాళ్ళ నవ్వు అయిపోయేదాకా ఆగి, చెప్పాలనుకున్నది మళ్ళీ అదే మాటల్లో చెప్పేదాన్ని. సినిమాల్లో మా మాట మాట్లాడేవాడు పనివాడో, తాగుబోతో, తెలివి తక్కువ కానిస్టేబులో అయివుంటాడు. అదే ఊళ్ళో పుట్టి పెరిగిన హీరోయిన్ మాత్రం పుస్తకం చదివినట్టు మాట్లాడుతుంది. ఆ ఊరికి ఆమె ఏ దారిన వచ్చిందో దర్శకుడికే తెలియాలి.

ఉద్యోగం మానేసి, ఒక కెమెరా, రెండు మైకులు కొనుక్కుని, సొంతంగా డాక్యుమెంటరీలు తీయడం మొదలుపెట్టాను. మా ఊరి బెల్లం మీద సినిమా తీయాలని ఆ ఏడు చెరకు కోతలకు ముందే వచ్చి దిగాను. మనుషులు, పని, పాటలు, పండగ, మొత్తం ఊరంతా అందులో ఉండాలనుకున్నాను. కొన్నాళ్ళు తిరిగి తీశాక ఇంట్లో కూర్చుని చూసుకుంటే, ఎక్కడ మొదలుపెట్టినా కెమెరా మా మేనత్త దగ్గరికే వెళ్ళి ఆగుతోంది. సినిమా ఆవిడదే అని అప్పుడు తెలిసింది.

మా అత్త నాన్నకు అక్క. పొట్టి మనిషి. గొంతు మాత్రం పక్క పొలానికి వినబడుతుంది. చుట్ట కాలుస్తుంది. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ మా వైపు పెద్దవాళ్ళలో ఇంకా కొందరికి అలవాటే. నోట్లో నిప్పు ఉంచుకునే మాట్లాడుతుంది, తిడుతుంది, నవ్వుతుంది కూడా. మా మామయ్య బెల్లం వండేవాడు. చెరకు రసం పెనంలో పోసి, మడ్డి తీసి, పాకం చూసి దింపే పని మా దగ్గర మగవాళ్ళది. ఆడవాళ్ళు గానుగకి చెరకు అందిస్తారు, పిప్పి ఎండబెడతారు, పొయ్యి ఎగదోస్తారు. పెనం దగ్గరికి మాత్రం రారు. నేను సినిమా తీయడానికి ముందే ఒక ఏడు, కోతలు నడుస్తుండగానే మామయ్య పోయాడు. కొట్టిన చెరకు గట్టు మీద పడివుంది. పెద్దకర్మ అయిన మర్నాడు మా అత్త వెళ్ళి పొయ్యి రాజేసింది, గరిట పట్టుకుని పెనం ముందు నిలబడింది.

ఏటా తమ చెరకు మామయ్య దగ్గర వండించుకునే ఇరుగుపొరుగు ఆ ఏడాది తేలేదు. ఆడది, అందులోనూ మొగుడు పోయినది, పాకం దింపితే ఆ బెల్లం ఎవరు కొంటారన్నారు. ఆవిడ ఒక్క తన చెరకే వండి, దిమ్మలు కట్టి, ఆటోలో వేసుకుని అనకాపల్లి మార్కెట్‌కి తీసుకెళ్ళింది. అన్నీ అమ్ముడుపోయాయి. ఈ సంగతంతా కెమెరా ముందు చెబుతూ మధ్యలో పొయ్యిలోకి పిప్పి తోసి, మళ్ళీ నావైపు తిరిగి ఇలా అంది:

"బెల్లం దిమ్మ మీద ఆడదొండిందా మగోడొండేడా అని రాసుంటాదేటి? నాకితే తియ్యగుందా నేదా, అదే కదా సూత్తారు. ఆలకి తెలుసది. తెలిసే అన్నారు. నానూ తెలిసే ఒండేను."

ఆ మాట పడినప్పుడు కెమెరాతో ఒక అడుగు ముందుకు వేశాను. తర్వాత చూస్తే బొమ్మ కొంచెం కదిలింది కూడా. అలాగే ఉంచేశాను.

సినిమా పూర్తయ్యాక హైదరాబాదులో ఒక ఛానెల్‌కి చూపించాను. నేను పనిచేసింది కాదు, ఇంకోటి. కార్యక్రమాలు చూసే పెద్దమనిషి మంచివాడు. ఆయన్ని విలన్‌గా చెప్పడానికి నాకు మనసొప్పదు. సినిమా మొత్తం కదలకుండా చూశాడు. మామయ్య ఫొటో వచ్చిన చోట కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తప్పకుండా వేస్తాం, ఆదివారం మంచి సమయంలో వేస్తాం అన్నాడు. ఆ తర్వాత, టీ తాగుతూ, ఒక చిన్న మార్పు అన్నాడు. ఆవిడ మాట్లాడేది చాలామందికి అందదు, అందుకని డబ్బింగ్ చెప్పిద్దాం, లేదంటే కింద మామూలు తెలుగులో వేద్దాం అన్నాడు.

అంతటితో ఆగలేదు. నన్ను ఒప్పించడానికి ముందే ఒక ముక్క డబ్బింగ్ చేయించి ఉంచాడు. హెడ్‌ఫోన్స్ ఇచ్చాడు. తెర మీద మా అత్త నోరు కదులుతోంది, పొయ్యి మండుతోంది. గొంతు మాత్రం ఏసీ గదిలో కూర్చున్న ఒక చక్కటి అమ్మాయిది. "బెల్లం మీద స్త్రీ తయారు చేసిందా, పురుషుడు తయారు చేశాడా అని రాసి ఉంటుందా?" అంటోంది. అర్థం ఎక్కడా తప్పలేదు. కానీ ఆ గొంతు మా ఊళ్ళో ఎవరి చెరకూ మొయ్యలేదు, ఎవరితోనూ దెబ్బలాడలేదు. ఆ గొంతుతో మా అత్త ఆ మాట అనివుంటే నలుగురూ అయ్యో పాపం అని బియ్యం పోసి వెళ్ళిపోయేవారు.

హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ తెలుగులోనే మాట్లాడుతోంది కదా అన్నాను. తెలుగే కానీ అని ఆయన నసిగాడు. తర్వాత నెమ్మదిగా, నన్ను నొప్పించకుండా, "మీరు కూడా మాతో ఇంత స్పష్టంగా మాట్లాడుతున్నారు కదండీ. మీకూ తెలుసు తేడా" అన్నాడు.

"తెలుసండి" అన్నాను. "నాకు రెండూ వచ్చు. ఆవిడకి ఒకటి వచ్చు, ఆవిడ బతుక్కి అది సరిపోయింది. మీకూ ఒకటే వచ్చు. రెండోది నేర్చుకోవలసింది మీరు. దానికి ఆవిడ నోరు మూయించడం దేనికి?"

ఆయన ముఖం ఎర్రబడింది. కొన్నాళ్ళు ఆలోచించుకోండి అన్నాడు. ఆలోచించేది ఏమీ లేదని చెప్పి, నా హార్డ్ డిస్క్ తీసుకుని వచ్చేశాను. మెట్లు దిగుతుంటే కోపం కంటే దిగులే ఎక్కువగా ఉంది. టీవీలో వస్తుందని ఊరంతటికీ చెప్పేశాను మరి. ఆదివారం ఏ టైంకో కనుక్కుని చెప్పమని మా అమ్మ అప్పటికే ఫోన్ చేసింది.

ఊరెళ్ళి ముందుగా మా అత్త దగ్గరికే వెళ్ళాను. పెరట్లో చీపురుపుల్లలు చీలుస్తోంది. టీవీలో రాదు అత్తా అన్నాను. బెల్లం బాగోలేదన్నారా అని అడిగింది. బెల్లం కాదు, నీ మాట అర్థం కాదన్నారు, నీ గొంతు తీసేసి ఇంకొకరి గొంతు పెడతామన్నారు, లేదంటే నీ మాటకి కింద వేరే తెలుగు రాస్తామన్నారు, నేను వద్దని వచ్చేశాను అని చెప్పాను. బాధపడుతుందేమోనని నేలకేసి చూస్తూ చెప్పాను. ఆవిడ చీపురు పక్కన పెట్టి, చాలాసేపు నవ్వింది. నోట్లో చుట్ట తీసి మరీ నవ్వింది.

"ఆల్ల మాట నాకరదమవుతంది కదే" అంది. "రోజూ టీవీ సూత్తన్నాను. వార్తలు ఇంటన్నాను, సీరియల్లు ఇంటన్నాను. నా కోసమని కిందేటైనా రాసేరా ఎప్పుడైనా? నానెలగ నేర్సుకున్నాను మరి?"

ఆవిడ మళ్ళీ చీపురుపుల్లలు తీసుకుని, ఆల్లు ఎయ్యకపోతే మనమే ఏసుకుందాం, మన బెల్లం పాక నేదేటి అంది. ఆ నిమిషం వరకూ నాకు ఆ ఆలోచనే రాలేదు.

పాక చిన్నదని, ముందు ఊరి కల్యాణ మండపం అడుగుదామని వెళ్ళాను. మండపం బాగోగులు చూసే పెద్దాయన మా నాన్నకు బావ వరస. నేను మామయ్య అని పిలుస్తాను. నా లాప్‌టాప్‌లోనే సినిమా మొత్తం చూశాడు. చూసి, మండపం ఇవ్వనన్నాడు. ఆయన అన్నది నాకు ఇప్పటికీ గుర్తుంది:

"సినిమాలోల్లు మనల్ని ఎక్కిరిత్తన్నారు, సాల్దేటమ్మా? ఇప్పుడు మనింటి పిల్లే తీసి సూపెట్టాలా? ఆ అడ్డపొగ, ఆ మాట. మా మనవడు ఉద్యోగానికెల్తే, నోరు తెరవగానే నవ్వేరంట. ఆడు నెల్లాల్లు ఇంట్లోంచి బయటికి రాలేదు. నీకేం తెలుసు?"

నేను ఎవరినీ వెక్కిరించలేదని, ఆవిణ్ణి ఆవిడలాగే చూపించానని చెప్పాను. నువ్వు కాదమ్మా, చూసేవాళ్ళు నవ్వుతారు అన్నాడు. హైదరాబాదు పెద్దమనిషి మీద వచ్చినట్టు ఈయన మీద నాకు కోపం రాలేదు. ఇద్దరూ అడిగింది ఒకటే, మా అత్త మాట దాచమని. కానీ ఈయన అడిగింది దెబ్బ తిని. అయినా దెబ్బ తగిలిన చోటే ఎన్నాళ్ళు చెయ్యి అడ్డం పెట్టుకుని తిరగాలి? అదే అడిగాను. ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

దానికంటే కష్టమైంది మా మరదలు వచ్చినప్పుడు. మా అత్తకి ఒక్కతే కూతురు. అనకాపల్లిలో ఒక ఇంగ్లీషు మీడియం బళ్ళో టీచరు. ఆ ఉద్యోగం కోసం ఎంత చదివిందో, ఎన్ని రాత్రులు అద్దం ముందు నిలబడి మాట దిద్దుకుందో నాకు తెలుసు. ఆదివారం స్కూటీ మీద వచ్చింది. హెల్మెట్ తీయకుండానే, "వదినా, ఆ సినిమాలో అమ్మని తీసెయ్యి" అంది.

తీసేస్తే సినిమాయే లేదు అన్నాను. అయితే మళ్ళీ తియ్యి, మంచి చీర కట్టిస్తాను, చుట్ట లేకుండా, కొంచెం నెమ్మదిగా మాట్లాడిస్తాను అంది. ఎందుకమ్మా అంటే, తను భయపడుతున్నదంతా చెప్పింది. ఎవరో ఒకరు ఫోన్లో ఒక ముక్క పట్టుకుంటారు, దానికి ఏదో పాట కలిపి పెడతారు, అది తిరిగి తిరిగి తన క్లాసు పిల్లల ఫోన్లలోకి వస్తుంది. తను బోర్డు మీద రాస్తుంటే వెనక బెంచీ నుంచి ఎవడో అడ్డపొగ టీచర్ అంటాడు. పిల్లల తల్లిదండ్రులు వచ్చి, ఈవిడ దగ్గరా మా పిల్లలు మాట నేర్చుకునేది అంటారు. చెబుతూ చెబుతూ కోపం వచ్చి, చివరికి బడి తెలుగు జారిపోయింది. "నువ్వు సినిమా తీసి ఎల్లిపోతావు. ఈడుండాల్సింది నాను" అంది.

తన మాటలో అబద్ధం లేదు. నా సినిమా నాకు ఎంత ముఖ్యమో తన ఉద్యోగం తనకి అంతే. ఇది మనిద్దరం తేల్చేది కాదు, అత్తని అడుగుదాం అన్నాను. వెనక్కి తిరిగితే మా అత్త గుమ్మంలోనే నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. అంతా విన్నదని ముఖం చూస్తే తెలిసింది.

"ఆ బొమ్మలో ఉన్నది నాను" అంది కూతురితో. "తియ్యమనాలన్నా ఉంచమనాలన్నా నానే అనాలి. నువ్వు బళ్ళో ఎలగ మాటాడినా నానెప్పుడైనా ఏటన్నానా? ఇలగ మాటాడకే, మనింటి మాట మాటాడు అన్నానా? నీ బతుకు నీది, నీ మాట నీది. నా నోరు నాది."

మా మరదలు ఏడ్చింది. మా అత్త దగ్గరికి వెళ్ళి తల నిమరలేదు, బుజ్జగించలేదు. నావైపు తిరిగి, ఒక్క మాట మాత్రం పిల్ల చెప్పింది నిజం అంది. ఫోన్లలో వేయొద్దంది. ఎదురుగా కూర్చుని చూసేవాళ్ళకే చూపించమంది.

"ఎదురుగా కూకుని నవ్వితే నాను సూసుకుంటాను. ఎక్కడో కూకుని నవ్వేవోడ్ని నానెక్కడ ఎతకను?"

సరేనన్నాను. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ సినిమా ఇంటర్నెట్‌లో లేదు. లింక్ పంపమని అడిగినవాళ్ళందరికీ లేదనే చెబుతున్నాను. ఊరు పిలిస్తే వెళ్ళి చూపిస్తాను.

మొదటి ప్రదర్శన మా అత్త బెల్లం పాక ముందే. గానుగ ఆడే రోజులు అయిపోయాయి, పెనం బోర్లించి ఉంది. రెండు వెదురు రాటలకి తెల్లగుడ్డ కట్టాం. పెళ్ళిళ్ళకి వీడియోలు తీసే అతను అనకాపల్లి నుంచి ప్రొజెక్టర్, స్పీకర్లు తెచ్చాడు. పొద్దు వాలి, గుడ్డ మీద బొమ్మ కనబడేంత చీకటి పడగానే మొదలుపెట్టాం. ఊళ్ళో సగంమంది వచ్చారు. మండపం ఇవ్వనన్న మామయ్య కూడా వచ్చి, వెనకాల ప్లాస్టిక్ కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎందుకొచ్చాడో నేనడగలేదు. మా అత్త అందరికంటే ముందు, చాప మీద.

చెరకుతోటలు, మంచు, గానుగ చప్పుడు వచ్చినంతసేపు అందరూ మా పొలం, మా ఎద్దు అనుకుంటూ చూశారు. తర్వాత గుడ్డ నిండా మా అత్త ముఖం. నోట్లో అడ్డపొగ. నోరు తెరిచి మొదటి మాట అనగానే వెనకనుంచి కుర్రాళ్ళ గుంపు పెద్దగా నవ్వింది. ఒకడు ఆవిడ గొంతుని అనుకరించాడు. దాంతో మరికొందరు నవ్వారు, పెద్దవాళ్ళు కూడా. ఇంట్లో ఆ మాటే మాట్లాడేవాళ్ళు, గుడ్డ మీద వినబడగానే నవ్వారు. తెర మీద ఆ మాట వస్తే నవ్వడం అందరికీ అలవాటైపోయిందని నాకు అక్కడ అర్థమైంది. వెనక మామయ్య నావైపు చూశాడు. చెప్పలేదా అన్నట్టు ఉంది ఆ చూపు.

మా అత్త లేచింది. ప్రొజెక్టర్ వెలుతురు సగం ఆవిడ మీద పడింది. నన్ను ఆపమంది. ఆపాను. జనం వైపు తిరిగి, కేకలేయకుండా, పొలంలో పని చెప్పేటప్పటి గొంతుతో అంది:

"నవ్వండి. నవ్వడం అయిపోయేక సెప్పండి, మళ్ళీ మొదట్నించీ ఏయిత్తాను. నాకేటీ తొందర నేదు."

అని నిలబడే ఉంది. కూర్చోలేదు. నవ్వు కొంచెంసేపు అక్కడా అక్కడా మిగిలి, తర్వాత ఆగిపోయింది. గొంతు అనుకరించినవాణ్ణి పక్కనున్న వాళ్ళమ్మ వీపు మీద ఒకటి వేసింది. ఇంకా ఎవరైనా ఉన్నారా అన్నట్టు ఆవిడ ఇటు చివరి నుంచి అటు చివరికి చూసి, నాకు తలూపి, మళ్ళీ చాప మీద కూర్చుంది. నేను మొదటి నుంచి వేశాను. అవే చెరకుతోటలు, అదే మంచు, అదే ముఖం. ఈసారి ఎవరూ నవ్వలేదు. బెల్లం దిమ్మ మీద రాసుంటాదేటి అన్న దగ్గర మాత్రం ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. ఆ నవ్వు వేరు. మా అత్త కూడా వాళ్ళతో కలిసి నవ్వింది, తన మాటకి తనే.

మా మరదలు వచ్చింది. సినిమా సగంలో ఉండగా రోడ్డు వారగా స్కూటీ ఆగింది. హెల్మెట్ తీయకుండా, స్కూటీ మీదే కూర్చుని చూసింది. అయిపోకముందే వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ వెనక్కి తిరిగి చూడలేదు కానీ, ఆ స్కూటీ వచ్చిన చప్పుడూ వెళ్ళిన చప్పుడూ ఆవిడకు తెలిశాయని నాకు తెలుసు.

అయిపోయాక మామయ్య దగ్గరికి నేనే వెళ్ళాను. మనోళ్ళ మధ్య బాగానే ఉంది, బయట చూపిస్తే నవ్వుతారు అని మళ్ళీ అదే అన్నాడు. నవ్వనివ్వండి మామయ్యా అన్నాను. ఆయన మారలేదు, నేనూ మారలేదు. కానీ ఆ తర్వాత వారం బుచ్చయ్యపేట వైపు తన వియ్యంకుడి ఊళ్ళో సినిమా వేయడానికి ఫోన్ చేసి చెప్పింది ఆయనేనని ఆ ఊరువాళ్ళు చెప్పారు. అడిగితే ఒప్పుకోడు. నేను అడగలేదు.

అలా సినిమా తిరగడం మొదలుపెట్టింది. రచ్చబండల దగ్గర, రైస్ మిల్లు గొడౌన్లలో, బళ్ళలో, ఎక్కడ గుడ్డ కట్టడానికి రెండు రాటలు దొరికితే అక్కడ. చాలాచోట్లకి మా అత్త వచ్చేది. కొన్నిచోట్ల మొదట నవ్వేవారు, ఆవిడ లేచేది. విశాఖపట్నంలో ఒక కాలేజీలో వేసినప్పుడు ఒక కుర్రాడు లేచి, మేడం, కొన్ని మాటలు అర్థం కాలేదు, కింద వేసివుంటే బాగుండేది కదా అన్నాడు. ఏ మాట అర్థం కాలేదో అడుగు బాబూ, ఆవిడ ఇక్కడే ఉంది అన్నాను. అడిగాడు. ఆవిడ చెప్పింది. తర్వాత ఇంకో అమ్మాయి అడిగింది. సినిమా కంటే ఆ మాటలే ఎక్కువసేపు నడిచాయి.

మొన్నీమధ్య హైదరాబాదు నుంచి ఆ ఛానెల్ పెద్దమనిషి మళ్ళీ ఫోన్ చేశాడు. ఇప్పుడు యాసలకి మంచి గిరాకీ ఉందట. ఆవిడ గొంతు ఉంచుదాం అన్నాడు. సంతోషం అన్నాను. ప్రచారంలో కడుపుబ్బ నవ్వించే ఉత్తరాంధ్ర అత్త అని వేసుకుంటాం అన్నాడు. ఆవిడ ఎవర్నీ నవ్వించడానికి రాలేదండీ, తలుచుకుంటే ఆవిడే మిమ్మల్ని చూసి నవ్వుతుంది అని ఫోన్ పెట్టేశాను. మా అమ్మ పక్కనే ఉండి విని, ఇంకోసారి ఆదివారం పోగొట్టేవు కదే అంది. అంది కానీ కోపంగా అనలేదు.

మా మరదలితో ఇప్పటికీ నాకు కొంచెం ఎడంగానే ఉంది. పండక్కి వస్తుంది, తింటుంది, వాళ్ళమ్మతో మామూలుగా ఉంటుంది. సినిమా ఊసు ఎత్తదు. నేనూ ఎత్తను. తనది పిరికితనం అని నేను ఎక్కడా అనలేదు, అనను. బోర్డు ముందు నిలబడేది తను. ఆ మాట తనకి తెచ్చిపెట్టిన కష్టం నా సినిమాతో తీరదు.

దేవరాపల్లిలో వేసిన రోజు సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఆ ఊరికి పైన కొండల్లో మెట్ట సేద్యం చేసుకునే కుటుంబాలు కొన్ని ఆ రోజు సంతకి దిగి, సినిమా ఉందంటే ఆగిపోయాయి. సినిమా అయ్యాక ఒక ముసలమ్మ మా అత్త దగ్గరికి వచ్చింది. ఆవిడ మాట నాకు సగమే అందింది. తెలుగే. మాది కాని తెలుగు. గొంతు ఎత్తడం, దించడం వేరు, కొన్ని మాటలు నేను ఎప్పుడూ వినలేదు. పక్కనున్న మనవరాలు చెప్పింది, మీరు టౌనువాళ్ళలాగా మాట్లాడుతున్నారంటోంది మా మామ్మ అని. టౌనోళ్ళు మాట్లాడినవే ఎప్పుడూ గుడ్డ మీద వేస్తారు, మా మాట ఎవరు వేస్తారు అని అడుగుతోందని.

మా అత్తని టౌను మనిషి అన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. నేను ఆవిడ ముఖం చూశాను. కోపం వస్తుందేమో, నవ్వు వస్తుందేమో అనుకున్నాను. ఆవిడ చాప మీద జరిగి ఆ ముసలమ్మకి చోటిచ్చింది. ఆ ముసలమ్మ కూర్చుని, మాకు అందాలని కాబోలు, ఒక్కొక్క మాటా ఆపి ఆపి మాట్లాడడం మొదలుపెట్టింది. మా అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"మెల్లగా సెప్పక్కర్నేదు" అంది. "నీకెలగొత్తే అలగే సెప్పు. నాకరదం కాపోతే నానే అడుగుతాను."

ముసలమ్మ నవ్వి, ఆపకుండా చెప్పుకుపోయింది. మా అత్త మధ్యమధ్యలో ఏటి, ఏటి అని అడుగుతూ వింటోంది. నేను కూడా వాళ్ళ పక్కనే కింద కూర్చున్నాను.